ఒంటిగంటకు ఆగిన బస్సు

టైంపీసు గణగణమని మోగగానే సుంకన్న కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. బస్సు రోడ్డు దిగి, కంకర మీద రెండు సార్లు దగ్గి, ఆగింది. ఆత్మకూరు ఇంకా తొమ్మిది మైళ్ళు. నెత్తిన వైశాఖం ఎండ, రోడ్డుకు అటూ ఇటూ దున్ని వదిలేసిన చేలు, నీడ అన్నది బస్సు కిందే. పొద్దున ఐదుకు ఆత్మకూరులో ఎక్కిన సీటు ఇది. కర్నూలు పోయి, తిరిగొస్తూ నందికొట్కూరు దగ్గర టైరు పంచరై గంట పోయి, ఇప్పుడు ఒంటిగంట. ఐదు నుంచి ఒంటిగంటకు ఎనిమిది గంటలు. మోగుతున్న టైంపీసును నోరు మూసినట్టు అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు. ఇంట్లో గూట్లో ఉండాల్సిన దాన్ని పొద్దున భార్య సిద్దమ్మ నిద్ర లేవకముందే తెచ్చి స్టీరింగు పక్కన తువ్వాలతో కట్టాడు. ఆమె లేచి గూడు చూసుకుని ఏమనుకుని ఉంటుందో, ఆ సంగతి సాయంత్రం. ముందు ఈ సంగతి. వెనక నలభై మంది ఉన్నారు, ఇంకా ఎవరికీ ఏమీ తెలియదు, తెలిసే లోపల ఒకటి రెండు ఊపిర్లు పీల్చుకోవచ్చు. యూనియన్ కార్యదర్శి దావీదురాజు రాత్రి కూర్చోబెట్టి ఉపన్యాసం వల్లె వేయించాడు. ప్రయాణిక సోదర సోదరీమణులారా, అని మొదలు. ఆ తర్వాత శ్రమ అని ఒక మాట, హక్కు అని ఒక మాట వస్తాయి. వాటి నడుమ ఏముందో నందికొట్కూరు పంచరు దగ్గరే ఎక్కడో రాలిపోయింది.

"ఏమప్పా, మళ్ళా పంచరా?" అని వెనక సీట్లోంచి అడిగింది తిమ్మమ్మ. సిద్దమ్మను కన్న తల్లి. కూతురి ఇంట్లో పది రోజులు ఉండి పోదామని ఇన్ని రోజులుండగా ఇవాళే, ఈ బస్సే ఎక్కింది. సుంకన్న తల తిప్పలేదు. సోదర సోదరీమణులారా అని అత్తను ఎలా పిలవాలో తోచలేదు.

"అయిపాయె అత్తా," అన్నాడు.

"ఏమయిపాయె?"

"నా టైము."

తిమ్మమ్మ కెవ్వున అరిచింది. "ఓరి నాయనో, అల్లునికేమో అయితాండాది! నీళ్ళు తేండప్పా, నీళ్ళు!" ఎవరో మరచెంబు మూత తీసి నెత్తిన పోశారు, ఎవరో ఎడమ రొమ్ము అదిమారు, ఇంకెవరో తాళాల గుత్తి అరచేతిలో కుక్కి పిడికిలి బిగించారు. కండక్టరు మాబు వెనక నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చి, "చావడం లేదమ్మా, ఆయప్ప డ్యూటీ టైము అయిపోయింది, అంతే" అని చెప్పేసరికి సుంకన్న చొక్కా పూర్తిగా తడిసింది. ఒక్క క్షణం చల్లగా, హాయిగా అనిపించింది కూడా. అల్లుడు చావలేదని తెలిసినాక తిమ్మమ్మ ముఖంలో సంతోషం ఎంతసేపు నిలిచిందో చూడడానికి అతనికి ధైర్యం చాలలేదు.

ఇదంతా తాను కోరి తెచ్చుకున్నదా అంటే, అదీ సరిగ్గా చెప్పలేడు. పోయిన నెల సోడా అంగడి మిద్దె మీద యూనియన్ సభ. రాత్రి రెండో ట్రిప్పు ముగించి, ఒంటి మీది దుమ్ము కూడా కడుక్కోకుండా పోయి గోడకు ఆనుకున్నాడు. జెండాకు ఏ రంగు గుడ్డ కొనాలన్న దాని మీద గంటన్నర మాట్లాడారు. ఎరుపంటే ఒకడికి భయం, పచ్చ అంటే ఇంకొకడికి అనుమానం. ఆ తర్వాత ఏమైందో సుంకన్నకు తెలియదు, నిద్రపోయాడు. చెవి దగ్గర దోమ పాడితే చెయ్యి ఎత్తాడు. "సుంకన్న ప్రతిపాదించినాడు!" అని దావీదురాజు అరిచాడు, అందరూ చప్పట్లు కొట్టారు, తెల్లారి చూస్తే పుస్తకంలో ఎనిమిది గంటల పని తీర్మానం కింద తన పేరు. దోమ పేరు రాయలేదు. ముందు కాదని చెప్పాలనుకున్నాడు. కాని కాదని చెబితే సభలో నిద్రపోయినట్టు తేలుతుంది, నిద్రపోయేవాడే ఎనిమిది గంటలు అడగాల్సినవాడు కదా అని దావీదురాజు నవ్వుతాడు. నాలుగు రోజుల కిందట కంపెనీ యజమాని నవ్వుతూ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఎనిమిది గంటలు దాటితే మార్పు డ్రైవరును తానే పంపుతానన్నాడు, అందరికీ కాఫీ ఇప్పించాడు. ఆ నవ్వు చూసినప్పుడే సుంకన్న కాఫీ సగంలో ఆపేశాడు. ఇవాళ మొదటి రోజు. ఇందాక మూడు మైళ్ళ వెనక స్టేజీలో ఏజెంటు శ్రీనివాసులు కిళ్ళీ నములుతూ చెప్పాడు: "మార్పు డ్రైవరా? యాడుండాడప్పా? ఆత్మకూరు పోయి రెండో ట్రిప్పు గూడా నువ్వే కొట్టు." అంటే రాత్రి తొమ్మిది దాకా. తొమ్మిది మైళ్ళే కదా పోనీలే అని పోతే, ఆత్మకూరులో ఇంకో తొంభై మైళ్ళు కాచుకుని కూర్చున్నాయి.

మాబు ఎదురుగా వచ్చిన వెదురు లారీని ఆపి, స్టేజీలో ఏజెంటుకు చెప్పమని కబురు పంపాడు. ఆత్మకూరు వైపు పోయే బండి సాయంత్రం దాకా ఇంకొకటి లేదు. బస్సులో రేకు కాలుతోంది. కొందరు దిగి బస్సు నీడలో, చక్రాల పక్కన కూర్చున్నారు, నీడ గజం వెడల్పు కూడా లేదు కాబట్టి వరసగా పిట్టల్లా కూర్చున్నారు. అక్కడ మొదలైంది. బస్సు ఎవడిది, టికెట్టు ఎవరు కొన్నారు, మధ్యలో ఈ యూనియన్ ఎవరు? అందరికన్నా గట్టిగా మాట్లాడింది నారాయణరెడ్డి, ఆత్మకూరు దగ్గర యాభై ఎకరాల రైతు, ముందు సీటు తప్ప ఎక్కడా కూర్చోని మనిషి.

"ఈ యూనియన్లొచ్చి దేశం పాడైపాయె. రేప్పొద్దున నా శేన్లో కూలోళ్ళు గూడా గంట కొట్టంగానే గంపలు కింద పడేసి పోతే శెనక్కాయలు ఎవురు పీకల్ల? నువ్వా?" అని చక్రాన్ని అడిగాడు.

చక్రం పక్కన కోడుమూరు నేతగాడు వెంకటప్ప గుడ్డ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. మూటలో తలంబ్రాల చీర ఉంది, రేపు తెల్లవారితే ఆత్మకూరులో పెండ్లి. మూట కింద పెట్టడు, ఎండ తగలనివ్వడు, బిడ్డను మోసినట్టు ఇటు మోకాలి మీంచి అటు మోకాలి మీదికి మారుస్తుంటాడు. "అదృష్టవంతులప్పా మీరు," అన్నాడు సుంకన్న వైపు చూసి, కోపం లేకుండానే. "సమ్మె చేసేకి మీకు ఒక యజమాని ఉండాడు. మగ్గం నాది, నూలు నాది, గుంతలో కాళ్ళు నావి. నేను ఎవురి మీద సమ్మె చేయల్ల? నా పెండ్లాం మీదనా?" నీడలో కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. సుంకన్న కూడా నవ్వబోయి, తాను నవ్వొచ్చో లేదో తేల్చుకోలేక ఆగిపోయాడు. నవ్వితే తేలిగ్గా తీసుకున్నట్టు, నవ్వకపోతే పొగరు. ఒప్పందం రాసుకున్నప్పుడు ఇదంతా ఎవరూ ఆలోచించలేదు. నడిపితే ఏం చేయాలో తెలుసు, ఆపితే ముఖం ఎలా పెట్టుకోవాలో ఏ తీర్మానంలోనూ లేదు.

ఆ పెండ్లికూతురు ఎవరో, ఎలా ఉంటుందో. ఆమె చీర తన కాలి కింద ఆగిపోయింది. దావీదురాజు సమ్మె అనేటప్పుడు ఎప్పుడూ యజమాని లావుపాటి కడుపునే చూపించాడు, ఈ ముసలాయన మోకాళ్ళు చూపించలేదు. యజమాని ఈ పాటికి భోంచేసి, వట్టివేళ్ళ తడిక కింద కునుకు తీస్తుంటాడు. ఎండ వెంకటప్పకు. అయితే మరి హనుమన్న? హనుమన్న ఇదే కంపెనీలో డ్రైవరు. పద్దెనిమిది గంటలు వరసగా నడిపి, ఒక తెల్లవారుజామున కునుకు పట్టి బస్సును మోరీలోకి దింపాడు. జనానికి దెబ్బలు తగిలాయి గాని ప్రాణం పోలేదు, హనుమన్న కుడికాలు మాత్రం పోయింది. తాగి నడిపాడని కంపెనీ కాయితం రాసింది. మెడలో తులసి మాల వేసుకుని, సారాయి వాసన తగిలితే వీధి మారిపోయే హనుమన్న! ఇప్పుడు బస్టాండులో గోనెసంచి పరుచుకుని బీడీలు అమ్ముతాడు. ఆ రోజు యూనియన్ ఉండి ఉంటే? యూనియన్ కాలు మొలిపించదు. కాని తాగలేదని చెప్పడానికి నలుగురు కలిసి పోయి ఉండేవాళ్ళు. ఒక్కొక్కరుగా ఎవరూ పోలేదు. సుంకన్న కూడా పోలేదు. పోదామనే అనుకున్నాడు, ఆ రోజు రెండో ట్రిప్పు ఉండింది.

"వాళ్ళకు యూనియనుంటే మనకూ ఒకటి ఉండల్ల!" అని నారాయణరెడ్డి లేచి నిలబడ్డాడు. మాట బయటికి వచ్చాక అతనే కాస్త ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు, కాని నలభై మంది ఔనన్నారు. ప్యాసింజర్ల యూనియన్ అక్కడే, ఎడమ వెనక చక్రం దగ్గర పుట్టింది. అధ్యక్షుడు తానే అన్న నమ్మకంతో నారాయణరెడ్డి మీసం సర్దుకున్నాడు. వెంకటప్ప మాత్రం, "ఆయమ్మనే పెడదాం. అల్లుడు ఎవురి మాటన్నా కాదంటాడు గాని అత్త మాట కాదంటాడా?" అన్నాడు. చేతులు లేచాయి. ఈసారి దోమలు లేవు, అన్నీ నిజంగానే లేచాయి. రాయడానికి చదువుకున్నవాడు ఒక్క మాబే కాబట్టి అతణ్ణి కార్యదర్శిని చేశారు. "నేను వాళ్ళ యూనియనులో ఉండానమ్మా" అని మొత్తుకున్నా వినలేదు. మాబు ట్రిప్పు షీటు వెనక వైపు కోరికలు రాశాడు. ఒకటి, బస్సు తక్షణం కదలాలి. రెండు, తాగేందుకు నీళ్ళు. మూడు, కండక్టరు బస్సులో బీడీ తాగకూడదు. మూడోది రాస్తూ మాబు నోట్లోని బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

కాయితం పట్టుకుని తిమ్మమ్మ డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చింది. సుంకన్న సీట్లో, ఆమె కింద ఎండలో. ఎత్తు మీద కూర్చుని కింద నిలబడ్డవాళ్ళ కాయితం తీసుకోవడం అతనికి కొత్త. మొన్న యజమాని కూడా ఇలాగే ఎత్తు మీద కూర్చుని తీసుకున్నాడు. యజమానిలాగే నవ్వు కూడా వచ్చేస్తుందేమోనని భయపడి పెదవులు బిగించాడు.

"తొమ్మిది మైళ్ళకు ఇంత రచ్చ యాల అల్లుడా?" అంది. ఇప్పుడామె గొంతులో అరుపు లేదు. "నువ్వు పెడసరం మనిషివి గాదు. నా బిడ్డ నీ గురించి ఎప్పుడూ అట్ల చెప్పలే. ఏమన్నా ఉంటే చెప్పు, నేను వీళ్ళకు చెప్తా."

ఏమన్నా ఉందా? ఉంది. దాని చుట్టూ మూడు నెలలుగా తిరుగుతున్నాడు, గుంత కనబడితే చక్రం పక్కకు తిప్పినట్టు. దావీదురాజుకూ చెప్పలేదు, సిద్దమ్మకు అసలే చెప్పలేదు. అహోబిలం తిరునాళ్ళప్పుడు స్పెషల్ బస్సులు వేశారు. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. దేవుడి పని అన్నారు, దిగకుండా నడిపాడు. చివరి ట్రిప్పులో సిద్దమ్మ, పాప లింగమ్మ కూడా ఎక్కారు, పాప వెనక సీట్లో నిలబడి అతని మెడ పట్టుకుని, నాయనా అదేమి, నాయనా ఇదేమి అంటోంది. ఆళ్ళగడ్డ దాటడం గుర్తుంది. ఆ తర్వాత చింతచెట్ల వరస దగ్గర పాప మాట ఆగిపోయింది, పాపతో పాటు తానూ నిద్రపోయినట్టుంది. ఆ తర్వాత గుర్తున్నది వాగు వంతెన. వంతెన మీద ఉన్నాడు, చేతులు చక్రం మీదే ఉన్నాయి, బస్సు రోడ్డు మీదే ఉంది. నడుమ రెండు మలుపులు, ఒక ఊరు. ఆ ఊరు ఎలా దాటాడో తెలియదు. ఎవరు నడిపారో తెలియదు. పాప వెచ్చటి ఊపిరి మాత్రం మెడ మీద తగులుతోంది.

చెప్పాడు. ఉపన్యాసంలోని మొదలూ రాలేదు, నడుమా రాలేదు. "అత్తా, నేను నిద్ర పోయినా" అని మొదలుపెట్టి, ఊరు ఎలా దాటానో తెలీదు అన్న దగ్గర ఆగిపోయాడు. పాప వెనకాలే ఉందన్నది కూడా చెప్పాడు, చెప్పకుండా ఉండాల్సిందేమో. "ఇప్పుడు గూడా కండ్లు మూతలు పడతాండాయి. నన్ను తిట్టుకోండి, నేను తియ్యలేను."

చక్రాన్ని ఆనుకుని ఉన్న నారాయణరెడ్డి వీపు తీసి కాస్త జరిగి కూర్చున్నాడు. తిమ్మమ్మ చేతిలో కాయితం నాలుగు మడతలైంది, ఎనిమిదైంది, ఇంక మడత పడనంత చిన్నదైంది.

అప్పుడు దూరంగా సైకిలు కనబడింది. సైకిలు మీద గొడుగు, గొడుగు కింద ఏజెంటు శ్రీనివాసులు. ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో గొడుగు, తెల్ల జుబ్బా వీపుకు అతుక్కుపోయింది. దిగి, సైకిలు పడేసి, ఊపిరి అందక చాలాసేపు వేలుతో బస్సును చూపించాడే గాని మాట రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు.

"ఏమప్పా సుంకన్నా, కొవ్వెక్కిందా? తియ్యి బండి! తియ్యకుంటే రేప్పొద్దున హనుమన్న పక్కన ఇంకో గోనెసంచి పరుచుకుంటావు. తాగినాడని నేనే రాపిస్తా, చూడు."

సుంకన్న ధైర్యం అక్కడితో సరి. ఆ సంగతి తనకు తానే చూసి ఆశ్చర్యపోయాడు కూడా. ఇంత సేపు ఎండలో, తిట్లలో నిలిచినవాడు గోనెసంచి మాటతో పడిపోయాడు. పక్కన యూనియన్ లేదు, దావీదురాజు కర్నూలు షెడ్డులో ఉన్నాడు, తీర్మానం పుస్తకంలో ఉంది, ఇక్కడ తానొక్కడే. సిద్దమ్మ, పాప, ఇల్లు. చేతులు చక్రం మీదికి పోయాయి. "తీస్తాలే," అన్నాడు. "మాబూ, హ్యాండిలు తిప్పు."

మాబు హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది. ఎవరూ ఎక్కలేదు. పైగా లోపల మిగిలినవాళ్ళు కూడా గంపలతో, మూటలతో ఒక్కొక్కరే దిగారు. చివరికి బస్సులో సుంకన్న ఒక్కడే, గడగడలాడుతున్న ఇంజనుతో.

"ఎక్కండి, ఎక్కండి!" అని ఏజెంటు గొడుగు ఊపాడు.

"మేం ఎక్కం," అంది తిమ్మమ్మ.

"ఎందుకెక్కరు? ఇంతసేపు తియ్యమని మీరేగదా అరుస్తాండేది?"

"అప్పుడు అరిచినాం. నిద్దర ముంచుకొచ్చే మనిషి చేతిలో మా ప్రాణాలు పెట్టం. ఆయప్ప సీటు దిగితేనే ఎక్కుతాం. ఇది మా యూనియన్ తీర్మానం."

"ఏ యూనియనమ్మా?" అని శ్రీనివాసులు నోరు తెరిచాడు. యూనియన్లొచ్చి దేశం పాడైందన్న నారాయణరెడ్డి ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ప్యాసింజర్ల యూనియన్! ఒగసారి తీర్మానం అయితే అయినట్టే. నన్ను దాటి ఒగడు ఎక్కితే చూస్తా!" ఎక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి ఆ మాట ఇంకా గంభీరంగా వినబడింది. శ్రీనివాసులు తెలివైనవాడు, వెంకటప్ప మూటను చూశాడు. "పెద్దాయనా, నీకు పెండ్లి పని ఉండాది గదా. నువ్వన్నా ఎక్కు." వెంకటప్ప పైకి చూశాడు, పొద్దు చూశాడు, మూటను గుండెకు ఇంకొంచెం దగ్గరగా పట్టుకున్నాడు. కదల్లేదు. "నేను చేరకపోతే చీర గూడా చేరదు గదప్పా," అన్నాడు.

"మరి బండి ఎవురు నడపల్ల? దేవుడా?"

దానికి జవాబుగా అందరూ ఏజెంటునే చూశారు. ఏజెంటు కాకముందు పదేండ్లు డ్రైవరు అతను. నల్లమల ఘాటులో ఒంటి చేత్తో నడిపానని, లైసెన్సు ఇప్పటికీ జేబులోనే ఉందని ప్రతి స్టేజీలో ప్రతి కాఫీకీ చెప్పుకుంటాడు. దారిలో ఉన్నవాళ్ళలో అది విననివాళ్ళు లేరు.

"నేనా? నేను యాజమాన్యం మనిషిని!"

"యాజమాన్యం మనిషివి పొద్దున్నుంచి ఎన్ని గంటలు పని చేసినావప్పా?" అని అడిగింది తిమ్మమ్మ.

"ఏమీ? ఎనిమిదికి వచ్చినా. ఆరు గంటలాయె."

"అయితే నీకింకా రెండు గంటలుండాయి. ఎక్కు."

శ్రీనివాసులు గొడుగు ముడిచాడు. సైకిలును బస్సు టాపు మీదికి ఎక్కించారు. సుంకన్న దిగి, వెనక్కి పోయి, అత్త పక్కన కూర్చున్నాడు, ఆమెకు తగలకుండా ఒదిగి ఒదిగి. బస్సు ఎగిరి పడి కదిలింది. గేరు పళ్ళు నూరినట్టు మోగితే నలభై మంది ఒకేసారి ఏజెంటును తిట్టారు. సుంకన్న కుడికాలు నేల మీద లేని బ్రేకు తొక్కుతూనే ఉంది, ప్రతి గుంతకూ ఒకసారి, ప్రతి మలుపుకు రెండు సార్లు. కొంతసేపటికి పక్కకు చూశాడు. పన్నెండేండ్లుగా ఈ దారిలో ఎదురుగా తప్ప పక్కకు చూసే పని పడలేదు. చేలకు అవతల నల్లమల నీలంగా, తాను అనుకున్నదాని కన్నా చాలా దగ్గరగా ఉంది. బర్రెలు కాసే మనిషి ఒకడు బస్సుకు చెయ్యి ఊపితే, తనకే ఊపాడేమో అనుకుని తానూ ఊపాడు.

"ఆ పొద్దు పాప నీ ఎనకాలేనా ఉండేది?" అని తిమ్మమ్మ మెల్లగా అడిగింది. ఔనని తల ఊపాడు. ఆమె ఒళ్ళోని గంప తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంది, దాని మీది మెత్తటి గుడ్డ మడిచి కిటికీ కమ్మీకి ఆనించింది. "పండుకో. సిద్దికి నేను చెప్తాలే, నువ్వు చెప్పొద్దు" అంది.

ఒక మైలు కూడా మెలకువగా లేడు. తర్వాత ఆత్మకూరు వచ్చినట్టుంది, ఇంజను ఆగింది, వెంకటప్ప చెప్పుల చప్పుడు పరుగు పెట్టి దూరమైంది, ఎవరో తన భుజం తట్టబోతే తిమ్మమ్మ చెయ్యి అడ్డుకుంది. లేవాలి, రెండో ట్రిప్పు, జనం ఎక్కుతున్నారు, శ్రీనివాసులు ఎక్కడో గొంతు చించుకుంటున్నాడు. లేవాలి అనుకుంటూ సుంకన్న ఇంకా లోపలికి జారాడు. అక్కడికీ ఒక గొంతు వినబడుతూనే ఉంది. నారాయణరెడ్డి ఇంకా ఇంటికి పోలేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి, కర్నూలు పోయే కొత్త ప్యాసింజర్లకు నెమ్మదిగా, ఓపిగ్గా చెబుతున్నాడు: "తొందర పడొద్దు. ముందు మీలో అధ్యక్షులు ఎవురో తేల్చుకోండి."